మా బాపు మింగే కొవ్వు గోళీ ఏదో, ఎందుకు మార్చారో మాకు చెప్పండి

రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖల అధికారులకు, గుండె డాక్టర్లకు, మండలాల్లో ప్రాక్టీసు చేసే డాక్టర్లకు, మెడికల్ షాపుల వాళ్లకు నమస్కారం.

నేను డాక్టర్ని కాదు, ప్రభుత్వ స్కూల్లో లెక్కల టీచర్ని. మా బాపుకు 63 ఏళ్లు, వ్యవసాయం చేస్తాడు. రెండేళ్ల కింద గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. ఆ రోజు ఆయన ప్రాణం నిలబెట్టిన వాళ్ల మీద మాకు గౌరవమే తప్ప కోపం లేదు. ఈ లేఖ ఆ తర్వాత ఆయన కొవ్వు గోళీ, అంటే కొలెస్ట్రాల్ మందు విషయంలో జరిగిన దాని గురించి. ముందు ఆసుపత్రికి రాసి చూశాను, జవాబు రాలేదు. జిల్లాలో సంబంధిత కార్యాలయానికి వెళ్లి అర్జీ ఇచ్చాను, రశీదు చేతిలో పెట్టారు, ఎనిమిది నెలలైంది. ఎవరి పేరూ ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక ఆసుపత్రి తప్పో ఒక షాపు తప్పో కాదని ఈ ఎనిమిది నెలల్లో నాకు బాగా అర్థమైంది. మా స్టాఫ్ రూములో ఈ సంగతి చెబితే ఆరుగురిలో నలుగురు "మా ఇంట్లోనూ ఇలాగే అయింది" అన్నారు.

జరిగింది ఇది.

డిశ్చార్జి అయినప్పుడు బాపుకు రాసిన మందుల్లో ఒకటి కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ 40 మిల్లీగ్రాములు, రాత్రి పూట. మూడు నెలలకు మండల కేంద్రంలో వేరే డాక్టర్ దగ్గరికి బీపీ చూపించుకోవడానికి వెళ్తే, ఆయన చీటీలో రోసువాస్టాటిన్ 20 రాశారు, అదీ కొలెస్ట్రాల్ మందే. రెండూ బ్రాండు పేర్లతోనే ఉన్నాయి, ఒక పేరుకూ ఇంకో పేరుకూ ఎక్కడా పోలిక లేదు. పాతది ఆపమని ఎవరూ చెప్పలేదు, రాయలేదు. మెడికల్ షాపులో పదిహేను గోళీల షీటును కత్తెరతో కోసి పది ఇచ్చారు, మందు పేరు, డేటు ఉన్న ముక్క షాపులోనే ఉండిపోయింది. ఇంటికొచ్చిన ముక్క మీద వెండి రేకు తప్ప ఏమీ లేదు. బాపు గోళీలను రంగు చూసి, సైజు చూసి గుర్తుపడతాడు. కొత్తది గులాబీ రంగులో ఉంది కాబట్టి ఇదేదో వేరే మందు అనుకున్నాడు. పొద్దున అది, రాత్రి పాతది, అలా ఐదు వారాలు ఒకే జాతి మందు రెండు రకాలుగా, రెండూ పెద్ద డోసులో మింగాడు.

మూడో వారం నుంచి తొడలు పట్టేశాయి. మంచం మీద నుంచి లేవాలంటే పట్టె పట్టుకుని, ఒక్క క్షణం ఆగి, ఊపిరి బిగబట్టి లేచేవాడు. బర్రెకు పాలు పితకడానికి గొంతుక్కూర్చోలేక అమ్మను పిలిచేవాడు. ముసలితనం అనుకున్నాం, పొలం పని అనుకున్నాం. నొప్పుల గోళీలు కూడా వేసుకున్నాడు, గుండె పేషెంటుకు అవి మంచివి కావని మాకు అప్పుడు తెలియదు. చివరికి పట్నంలో ఒక ప్రభుత్వ డాక్టర్ మందులన్నీ టేబుల్ మీద పోయించి, ఒక్కో ముక్కా తిప్పి చూసి, సీకే అనే రక్త పరీక్ష రాశారు. రెండు వందల లోపు ఉండాల్సింది రెండు వేలు దాటింది. కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే పదార్థం అది. ఇంకా ముదిరితే కిడ్నీల మీద పడేదని చెప్పారు.

ఆ తర్వాత జరిగింది ఇంకా పెద్ద తప్పు, అందులో మా తప్పు కూడా ఉంది. డాక్టర్ కొన్ని వారాలు ఆపి మళ్లీ రమ్మన్నారు. ఈలోపు వాట్సాప్‌లో "కొలెస్ట్రాల్ గోళీలు విషం" అని వీడియోలు, చుట్టాల సలహాలు. బాపు నాలుగు నెలలు మొత్తానికే మానేశాడు. చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, 62 ఉన్నది 148కి పోయింది. స్టెంట్ వేసుకున్న మనిషికి అది ఎంత ప్రమాదమో చెప్పినవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరు.

అప్పటి నుంచి నేను చదవడం మొదలుపెట్టాను. ఆ ప్రభుత్వ డాక్టర్ మేడం ఓపిగ్గా చెప్పినవి, నేను చదివి ఆమెతో సరిచూసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. డాక్టర్లకు ఇవన్నీ తెలిసినవే. కానీ గోళీ మింగే మనిషికి తెలియవు, నేను అడిగేదంతా ఆ తేడా గురించే.

1. స్టాటిన్లు అన్నీ ఒకే కుటుంబం. అటోర్వా, రోసువా, సిమ్వా, ప్రావా, పిటావా, లోవా, ఫ్లూవా, పేరు చివర "స్టాటిన్" అని ఉంటే అన్నీ లివర్‌లో కొలెస్ట్రాల్ తయారయ్యే ఒకే దారిని మూసేవే. అందుకే ఒకటి ఉండగా ఇంకోటి కలపకూడదు. ఈ ఒక్క ముక్క మాకు ఎవరైనా తెలుగులో చెప్పి ఉంటే మా బాపు తొడలు అలా అయ్యేవి కావు. షుగర్ గోళీలు రెండు మూడు రకాలు కలిపి వాడతారు, బీపీవి కూడా కలుపుతారు, కాబట్టి కొవ్వు గోళీలు కూడా అంతే కాబోలు అనుకోవడంలో పేషెంటు తప్పేముంది?

2. మిల్లీగ్రాముల అంకెలు చూసి పోల్చకూడదు. లెక్కల టీచర్‌గా నాకు బాగా గుచ్చుకున్నది ఇదే. అటోర్వా 40 నుంచి రోసువా 20కి మారిస్తే మా అమ్మ "సగానికి తగ్గించారు, అంటే జబ్బు తగ్గింది" అంది. ఇరవై అంటే నలభైలో సగమే కదా, ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ ఆ రెండూ దాదాపు సమానం. రోసువా 5 అంటే సుమారు అటోర్వా 10, రోసువా 10 అంటే సుమారు అటోర్వా 20, అలా పైకి పోతుంది. అటోర్వా 40, 80, రోసువా 20, 40 పెద్ద డోసులు, ఎల్‌డీఎల్‌ను సగమో అంతకన్నా ఎక్కువో తగ్గిస్తాయి. అటోర్వా 10, 20, రోసువా 5, 10, సిమ్వా 20, 40, ప్రావా 40, పిటావా 1 నుంచి 4, ఇవన్నీ మధ్యస్థం, 30 నుంచి 49 శాతం వరకు తగ్గిస్తాయి. పిటావా 2 మిల్లీగ్రాములంటే "మరీ చిన్న గోళీ, పనిచేయదు" అనుకుని మానేసిన వాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. ఇంకో సంగతి, డోసు రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపు కాదు. రెట్టింపు చేసిన ప్రతిసారీ ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది సుమారు 6 శాతమే. అది చాలకపోతే ఎజెటిమైబ్ లాంటి వేరే జాతి మందు కలిపితే ఇంకో 20 శాతం దాకా తగ్గుతుంది. అది కలపాలో లేదో డాక్టరే చూడాలి. నేను చెప్పేదల్లా, రెండు స్టాటిన్లు కలిపి మింగి అది సాధించేది కాదు.

3. ఏది మంచిది అని అందరూ అడుగుతారు, నేనూ అడిగాను. దీనికి సూటిగా జవాబిచ్చే అధ్యయనం ఒకటుంది. దక్షిణ కొరియాలో 12 ఆసుపత్రుల్లో గుండె రక్తనాళాల జబ్బున్న 4,400 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రోసువా, ఇంకో గుంపుకు అటోర్వా ఇచ్చి మూడేళ్లు చూశారు. లోడ్‌స్టార్ అని దాని పేరు, 2023లో బీఎంజే పత్రికలో వచ్చింది. చావు, గుండెపోటు, పక్షవాతం, మళ్లీ స్టెంటో బైపాసో అవసరం కావడం, ఇవన్నీ కలిపి రోసువా గుంపులో 8.7 శాతం, అటోర్వా గుంపులో 8.2 శాతం. అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎల్‌డీఎల్ మాత్రం రోసువా కొంచెం ఎక్కువ తగ్గించింది. అదే రోసువా గుంపులో కొత్తగా షుగర్ మందులు మొదలుపెట్టాల్సి వచ్చినవాళ్లు 7.2 శాతం, అటోర్వాలో 5.3 శాతం. కంట్లో శుక్లం ఆపరేషన్ 2.5 శాతం, 1.5 శాతం. అంతకుముందు 2011లో వచ్చిన సాటర్న్ అధ్యయనంలో అటోర్వా 80, రోసువా 40 ఇచ్చి గుండె రక్తనాళాల లోపల చూస్తే, పేరుకున్న కొవ్వు రెండింటిలోనూ దాదాపు ఒకేలా తగ్గింది. కాబట్టి బాగా పనిచేస్తున్న మందును, పేషెంటుకు ఇబ్బంది లేనప్పుడు, ఇంకో కంపెనీ ప్రతినిధి వచ్చి వెళ్లాడనో, షాపులో స్టాకు లేదనో మార్చడానికి నాకైతే కారణం కనబడలేదు. కారణం ఉంటే మార్చండి, ఆ కారణం మాకు చెప్పండి.

4. కారణాలు నిజంగానే ఉంటాయి, అవి మనిషిని బట్టి ఉంటాయి. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు రోసువా 5తో మొదలుపెట్టి 10 దాటకూడదని మందు వివరాల్లోనే ఉంది. అటోర్వా ఎక్కువగా లివర్ దారినే బయటికి పోతుంది కాబట్టి దానికి కిడ్నీని బట్టి డోసు మార్చే పని లేదు. ఉద్దానం లాంటి చోట్ల, కిడ్నీ జబ్బు ఇంటింటి కష్టమైన పల్లెల్లో, ఈ తేడా చిన్నదా? ఆసియా వాళ్ల రక్తంలో రోసువా ఎక్కువ మోతాదులో నిలుస్తుందని తేలి, మొదటి డోసు 5 చాలని అమెరికాలో మందు లేబుల్ మీదే రాశారు. యూరప్‌లో ఆసియా సంతతి వాళ్లకు 40 ఇవ్వనే వద్దన్నారు. అమెరికాలో, లండన్‌లో ఉన్న మన పిల్లలకు అక్కడ ఈ జాగ్రత్త దొరుకుతోంది, ఇక్కడున్న తల్లిదండ్రులకు ఎంతమందికి దొరుకుతోంది?

అటోర్వా, సిమ్వాలకు వేరే చిక్కు ఉంది. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, తామరకు రాసే ఇట్రాకొనజోల్, వీటితో కలిస్తే ఒంట్లో స్టాటిన్ మోతాదు పెరిగిపోతుంది. తామర ఇప్పుడు ప్రతి ఊళ్లో ఉంది, ఇట్రాకొనజోల్ వారాల తరబడి వాడుతున్నారు, చీటీ రాసేవాళ్లు "గుండె మందులు వాడుతున్నావా" అని అడగకపోతే ఎట్లా? బీపీకి అమ్లోడిపిన్ వాడేవాళ్లకు సిమ్వా 20 మించకూడదని 2011లోనే అమెరికా ఔషధ సంస్థ చెప్పింది. రోసువా వాడేవాళ్లు గ్యాస్‌కు తాగే సిరప్‌ను, అల్యూమినియం, మెగ్నీషియం ఉన్నదాన్ని, గోళీ వేసుకున్న రెండు గంటల తర్వాతే తాగాలి. లేకపోతే మందు సరిగ్గా ఒంటపట్టదు. మన ఇళ్లలో గ్యాస్ సిరప్ సీసా లేని ఇల్లు చూపించండి. ఈ మాట మాకు ఏ షాపులోనూ చెప్పలేదు.

5. రాత్రే వేసుకోవాలా? సిమ్వా రెండు మూడు గంటల్లోనే సగం పోతుంది, కొలెస్ట్రాల్ ఎక్కువగా తయారయ్యేది రాత్రి, కాబట్టి దాన్ని రాత్రే వేసుకోవాలి. అటోర్వా, రోసువా రోజంతా నిలుస్తాయి, పొద్దునైనా రాత్రయినా రోజూ ఒకే వేళకు వేసుకుంటే చాలు. ఇది చిన్న విషయంలా కనబడుతుంది కానీ మా ఇంట్లో పెద్దదే. బాపు మక్కచేను పంటకొచ్చినప్పుడు అడవిపందుల కాపలాకు రాత్రుళ్లు మంచె మీదే పడుకుంటాడు. గోళీల డబ్బా ఇంట్లో ఉంటుంది. "రాత్రి గోళీ" కాబట్టి రాత్రి తప్పితే ఆ రోజుకు పోయినట్టే అనుకుని వదిలేసేవాడు, నెలలో పది పన్నెండు రోజులు. పొద్దున చాయ్‌తో పాటు వేసుకోవచ్చని డాక్టర్ మేడం చెప్పిన రోజు నుంచి ఒక్క రోజూ తప్పలేదు. ఏడాదిన్నర పాటు ఎవరూ అడగని ప్రశ్న, ఆమె అడిగింది: "నువ్వు రాత్రి ఎక్కడ పడుకుంటావయ్యా?"

6. కండరాల నొప్పి గురించి రెండు వైపులా నిజం చెప్పాలి. 2020లో శాంసన్ అనే అధ్యయనం వచ్చింది. స్టాటిన్ పడలేదని మానేసిన 60 మందికి ఏడాది పాటు కొన్ని నెలలు అసలు మందు, కొన్ని నెలలు ఉత్తి గోళీ, కొన్ని నెలలు ఏమీ ఇవ్వకుండా చూశారు. మందు వేసుకున్నప్పుడు వచ్చిన బాధలో 90 శాతం ఉత్తి గోళీతో కూడా వచ్చింది. ఆ ఫలితం చూపించాక వాళ్లలో సగం మంది మళ్లీ మొదలుపెట్టారు. భయంతోనే చాలా నొప్పి వస్తుందని దీనర్థం, నొప్పి అబద్ధమని కాదు. ఇంకో వైపు, సెరివాస్టాటిన్ అనే మందును 2001లో ప్రపంచమంతా మార్కెట్ నుంచి తీసేశారు. కండరాలు కరిగి, కిడ్నీలు పాడై మనుషులు చనిపోయారు. జెమ్‌ఫైబ్రోజిల్ అనే ఇంకో కొవ్వు మందుతో కలిపి వాడినవాళ్లలో అది మరీ ఎక్కువ. కాబట్టి పేషెంటు వచ్చి "తొడలు లాగుతున్నాయి" అంటే "ఏం కాదు, వయసు" అని పంపించేయడమూ తప్పే, వెంటనే మందు శాశ్వతంగా ఆపేయడమూ తప్పే. మా బాపు నొప్పి నిజమైన నొప్పి, కానీ అది స్టాటిన్ పడకపోవడం వల్ల వచ్చింది కాదు, రెండు పెద్ద డోసులు ఒకేసారి పడ్డందువల్ల వచ్చింది. ఇప్పుడు ఆయన ఒక్కటే వాడుతున్నాడు, తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు, ఎజెటిమైబ్ కలిపారు. పాలు తనే పితుకుతున్నాడు.

7. ల్యాబ్ రిపోర్టు. ఎల్‌డీఎల్ పక్కన "100 లోపు" అని ముద్రించి ఇస్తారు. 92 వస్తే నార్మల్ అనుకుంటాం, చాలా ఊళ్లలో ఆర్ఎంపీలు కూడా "నార్మల్ వచ్చింది కదా, గోళీ ఆపేయ్" అంటున్నారు. కానీ కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గుండెపోటు వచ్చినవాళ్లకు, స్టెంట్ వేసుకున్నవాళ్లకు ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలి. మామూలు మనిషికి 92 ఫర్వాలేదు, మా బాపుకు అది ఎక్కువ. పైగా గోళీ వాడుతుంటేనే కదా ఆ అంకె వచ్చింది, ఆపితే మళ్లీ పాత చోటికే పోతుంది. ఎల్‌డీఎల్ దాదాపు 39 పాయింట్లు తగ్గితే గుండెపోటు, పక్షవాతం లాంటివి ఐదింట ఒకటికి పైగా తగ్గుతాయని లక్షల మంది మీద చేసిన అధ్యయనాలన్నీ కలిపి తేల్చారు. నాలుగు నెలలు ఆపితే మా బాపుకు పెరిగింది 86 పాయింట్లు.

ఇప్పుడు మందు అసలు అందకపోవడం గురించి. 2011లో వచ్చిన ప్యూర్ అధ్యయనంలో మన దేశం కూడా ఉన్న పేద దేశాల గుంపులో, గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లలో స్టాటిన్ వాడుతున్నది 3.3 శాతం మందే. ధనిక దేశాల్లో అది 66.5 శాతం. అప్పటికీ ఇప్పటికీ కొంత మారి ఉండొచ్చు, మా ఊళ్లో మాత్రం స్టెంట్ వేసుకున్న ఐదుగురిలో ఆపకుండా వాడుతున్నది ఇద్దరే, నేను ఇంటింటికీ వెళ్లి అడిగాను. మిగతా ముగ్గురిలో ఒకాయన ఆటో నడుపుతాడు. "ఏడాది వరకు మందులు పథకంలో ఇచ్చారు, తర్వాత ఇవ్వలేదు, ఆపేశా" అన్నాడు. ఏడాదితో మందు అయిపోయిందంటే జబ్బు కూడా అయిపోయిందనుకున్నాడు. అటోర్వాస్టాటిన్ దేశ అత్యవసర మందుల జాబితాలో ఉంది, ధరకు పైకప్పు ఉంది, దాని ముడిమందు మన హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో తయారై విదేశాలకు కూడా పోతోంది. అలాంటి మందు మన పక్క ఊరి పేషెంటుకు నెలనెలా అందకపోవడం నాకు మింగుడుపడటం లేదు.

స్టెంట్‌కు ప్రభుత్వం ఖర్చు పెట్టడం మంచి పనే. ఆ స్టెంట్‌ను కాపాడే రోజుకు ఒక్క గోళీ దగ్గర ఆగిపోతే ఆ ఖర్చు ఎందుకు?

కాబట్టి మేం అడుగుతున్నవి ఇవి.

1. డాక్టర్లూ, చీటీ మీద మందు అసలు పేరు పెద్ద అక్షరాల్లో రాయండి. ఇది కొత్త కోరిక కాదు, జెనరిక్ పేరు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని వైద్యుల వృత్తి నియమావళిలో 2016 నుంచీ ఉంది. దాని పక్కన తెలుగులో "కొలెస్ట్రాల్ మందు" అని రెండు మాటలు చాలు. మందు మారిస్తే "పాత కొలెస్ట్రాల్ గోళీ ఆపాలి" అని తప్పకుండా రాయండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, స్టాటిన్ మూడూ కలిపిన క్యాప్సూల్ ఇస్తుంటే అందులో ఏమేం ఉన్నాయో రాయండి, ఎందుకంటే అందులో స్టాటిన్ ఉందని తెలియక విడిగా ఇంకోటి వాడేవాళ్లు చాలామంది ఉన్నారు.

2. మెడికల్ షాపుల వాళ్లకు నా విన్నపం. షీటు కోసేటప్పుడు పేరున్న ముక్క పేషెంటుకు ఇవ్వండి, లేదా కవరు మీద పేరు, మిల్లీగ్రాములు, డేటు పెన్నుతో రాయండి. పది సెకన్ల పని. రాసిన మందు లేకపోతే లేదని చెప్పండి, డాక్టర్‌ను అడగకుండా వేరే స్టాటిన్ చేతిలో పెట్టకండి, చట్టం కూడా అదే చెబుతోంది. కొత్తగా స్టాటిన్ కొనేవాళ్లను "ఇంట్లో కొలెస్ట్రాల్ గోళీ ఇంకోటి ఉందా" అని ఒక్క మాట అడగండి.

3. ఆరోగ్య శాఖలు రెండూ పీహెచ్‌సీల్లో, పల్లె దవాఖానాల్లో, విలేజ్ క్లినిక్కుల్లో అటోర్వాస్టాటిన్‌ను 10, 20, 40 డోసుల్లో ఏ నెలా ఖాళీ లేకుండా ఉంచాలి. బీపీ, షుగర్ గోళీలతో పాటే ఇవ్వాలి. స్టెంట్, బైపాస్ అయినవాళ్లకు ఫాలో-అప్ ఏడాది ముగిసే ముందే వాళ్ల పేరు ఊరి పీహెచ్‌సీ రిజిస్టర్‌లోకి ఎక్కాలి. ఈ లేఖలో ఒక్కటే చేయగలమంటే ఇది చేయండి.

4. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు బీపీ, షుగర్ చూడ్డానికి ఇంటికొచ్చినప్పుడు గోళీల డబ్బా తెరిచి చూసేలా ఒక్క పూట శిక్షణ ఇవ్వండి. "స్టాటిన్" అని రెండు చోట్ల కనబడితే డాక్టర్‌కు ఫోన్ చేయాలి, అంతే. వాళ్లకు ఇప్పటికే పని ఎక్కువని తెలుసు, అందుకు తగ్గ పారితోషికం కూడా ఇవ్వండి.

5. ల్యాబులు ఎల్‌డీఎల్ పక్కన "గుండె జబ్బు ఉన్నవాళ్లకు లక్ష్యం వేరు, డాక్టర్‌ను అడగండి" అని తెలుగులో ఒక లైను ముద్రించాలి.

6. కండరాల నొప్పి అని వచ్చిన స్టాటిన్ పేషెంటుకు సీకే, కిడ్నీ, లివర్ పరీక్షలు ప్రభుత్వ ల్యాబుల్లో ఉచితంగా, అదే వారంలో జరగాలి. మందు ఆపితే మళ్లీ ఎప్పుడు, ఏది, ఎంతతో మొదలుపెట్టాలో చీటీ మీద తేదీతో రాసి పంపాలి. మా బాపు నాలుగు నెలలు ఏ మందూ లేకుండా ఉండిపోయింది ఆ తేదీ లేకనే.

7. మార్చడానికి ముందు కారణం చెప్పండి. కిడ్నీ కోసమా, షుగర్ కోసమా, ఎల్‌డీఎల్ ఇంకా తగ్గాలనా, ధర కోసమా. ధర కోసమైనా సరే, చెప్తే అర్థం చేసుకోలేని మనుషులం కాదు.

ఇది చదువుతున్న పేషెంట్లకు, వాళ్ల పిల్లలకు కూడా ఒక మాట. ఈ లేఖ చూసి ఎవరూ సొంతంగా గోళీ ఆపొద్దు, మార్చొద్దు, అంకెలు చూసి డోసు లెక్క వేసుకోవద్దు. ఇవాళ ఇంటికి వెళ్లి డబ్బా తెరవండి. ఒక్కో షీటు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న అసలు పేరు చదవండి, "స్టాటిన్" ఎన్నిసార్లు వస్తుందో చూడండి. రెండుసార్లు వస్తే, రేపటిదాకా ఆగకుండా రాసిన డాక్టర్‌కు ఫోన్ చేయండి. తొడలు, భుజాలు రెండు వైపులా ఒకేసారి నొప్పి పెడుతున్నా, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

మా ఇంట్లో ఇప్పుడు గోళీల స్టీలు డబ్బా మూత లోపల నేను ఒక కాగితం అంటించాను. మందు పేరు, ఎందుకు, ఎప్పుడు, ఏది కలపకూడదు, ఎల్‌డీఎల్ ఎంత ఉండాలి, ఐదు గడులు. బాపుకు చదువు తక్కువ, అయినా ఎవరు ఏ కొత్త గోళీ ఇచ్చినా ఆ మూత తీసుకెళ్లి వాళ్ల ముందు పెడుతున్నాడు. ఇలాంటి కాగితం టీచర్ కూతురు ఉన్న ఇంటికే కాదు, డిశ్చార్జి అయ్యే ప్రతి మనిషికీ ఆసుపత్రి నుంచే రావాలి. నమూనా నా దగ్గరుంది, అడిగిన ఏ ఆసుపత్రికైనా, ఏ పీహెచ్‌సీకైనా ఇస్తాను.

పైన రాసిన ఏడింటిలో ఏవి చేస్తారో, ఎప్పటిలోగా చేస్తారో, ఏవి చేయలేరో, చేయలేకపోతే ఎందుకో రాతపూర్వకంగా చెప్పండి. మా అర్జీ మీ దగ్గర ఎనిమిది నెలలుగా ఉంది.

ఇట్లు,
స్టెంట్ వేసుకున్న ఒక రైతు కూతురు, లెక్కల టీచర్